రక్త ప్రసరణ: పాతబస్తీ జీవాల్లో గుండె, రక్తనాళాలు

జంతువు ఒంట్లోని ప్రతి కణానికీ ఆక్సిజన్‌నూ ఆహారాన్నీ చేరవేసి, అక్కడ పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌నూ వ్యర్థాలనూ వెనక్కి తెచ్చే ఏర్పాటును రక్త ప్రసరణ వ్యవస్థ అంటారు. గుండె, రక్తనాళాలు, రక్తం కలిసి ఈ పని చేస్తాయి. హార్మోన్లూ, రోగాన్ని ఎదిరించే కణాలూ, ఒంటి వేడీ ఈ దారినే పోతాయి. బడి పుస్తకాల్లో ఈ పాఠం గుండె బొమ్మతో మొదలై అక్కడే ఆగిపోవడం వల్ల రెండు అభిప్రాయాలు పాతుకుపోయాయి. అంతా గుండె ఒక్కటే నడుపుతుందన్నది ఒకటి. చేప నుంచి మనిషి దాకా గుండె మెట్టుమెట్టుగా బాగుపడుతూ వచ్చిందన్నది రెండోది. రెండూ సరికావు. ఏ జంతువు గుండె అయినా అది ఊపిరి తీసే తీరుకు తగ్గట్టే ఉంటుంది. గుండె, నాళాలు, ఊపిరి, ఈ మూడింటిలో ఒకదాన్ని విడదీసి చూస్తే మిగతా రెండూ అర్థం కావు.

ఈ సంగతి గమనించడానికి హైదరాబాద్ పాతబస్తీని మించిన చోటు దొరకదు. బహదూర్‌పురాలో, మీరాలం చెరువు పక్కన 1963లో తెరిచిన నెహ్రూ జంతుప్రదర్శనశాలలో మొసలి నుంచి ఏనుగు దాకా ఉన్నాయి. మక్కా మసీదు ముంగిట పావురాలు దిగుతాయి. చార్మినార్ పక్కనే నాడి పట్టి రోగం చూసే యునానీ ఆసుపత్రి ఉంది. మూసీ దాటగానే, పాత ఆసుపత్రి ఉండిన అఫ్జల్‌గంజ్. మత్తుమందు ముందు గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అని తేల్చడానికి 1889లో వందల జంతువుల మీద ప్రయోగాలు జరిగింది హైదరాబాద్‌లోనే.

గుండె ఎందుకు?

ఆక్సిజన్ నీటిలో తనంతట తాను వ్యాపిస్తుంది. పదో వంతు మిల్లీమీటరు దూరం దాటడానికి దానికి రెండు మూడు సెకన్లు చాలు. కానీ దూరం పెరిగే కొద్దీ పట్టే సమయం దూరపు వర్గంతో పెరుగుతుంది. ఒక సెంటీమీటరు దాటాలంటే ఏడు గంటల దాకా కావాలి. అందుకే హైడ్రాకు, బద్దెపురుగు లాంటి పలుచని జీవులకు గుండె అక్కర్లేదు. శరీరం మందమైన చోట మాత్రం రక్తాన్ని తోసే పంపు, దాన్ని ప్రతి కణం పక్కకూ తీసుకెళ్లే గొట్టాలు తప్పనిసరి అయ్యాయి.

కీటకాల్లో రక్తం నాళాల్లోనే ఉండిపోదు. బొద్దింక వీపు కింద పదమూడు గదుల పొడవాటి గుండె ఉంటుంది. అది రక్తాన్ని తల వైపు తోస్తుంది. అక్కడి నుంచి రక్తం శరీర కుహరంలోకి పారి, అవయవాలను తడిపి, గుండె పక్కనున్న రంధ్రాల గుండా మళ్లీ లోపలికి వస్తుంది. దీన్ని వివృత ప్రసరణ అంటారు. ఇంత మందకొడి ఏర్పాటుతో ఈగ, తేనెటీగ లాంటివి అంత వేగంగా ఎలా ఎగరగలవు? వాటి రక్తానికి ఆక్సిజన్ మోసే పని దాదాపు లేదు. ఒంటి పక్కల రంధ్రాల నుంచి బయలుదేరే వాయునాళాలు గాలిని నేరుగా కండరాల దాకా తీసుకెళ్తాయి. ఊపిరి దారి వేరు కాబట్టి రక్తానికి తొందర లేదు. రొయ్యకూ ఇలాంటి వివృత ప్రసరణే ఉన్నా, అది మొప్పలతో ఊపిరి తీస్తుంది కనుక దాని రక్తంలో ఆక్సిజన్ మోసే రాగి పదార్థం, హీమోసయనిన్, ఉంటుంది. ఆక్సిజన్ అందినప్పుడు ఆ రక్తం లేత నీలంగా కనిపిస్తుంది. వానపాములో రక్తం మూసిన నాళాల్లోనే తిరుగుతుంది. ఆక్టోపస్‌కు మూడు గుండెలు: రెండు మొప్పలకు, ఒకటి మిగతా శరీరానికి.

కొర్రమీను, కప్ప, మొసలి

చేప గుండెలో రక్తాన్ని అందుకునే కర్ణిక ఒకటి, తోసే జఠరిక ఒకటి. రక్తం గుండె నుంచి మొప్పలకు, మొప్పల నుంచి ఒంటికి, ఒంటి నుంచి గుండెకు ఒకే చుట్టుగా తిరుగుతుంది. మొప్పల్లోని సన్నని నాళాలు దాటేసరికి రక్తపీడనం చాలావరకు తగ్గిపోతుంది. ఆ మిగిలిన ఒత్తిడితోనే శరీరమంతా తిరగాలి. నీటిలో తేలుతూ, తక్కువ శక్తితో బతికే జీవికి అది సరిపోతుంది.

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను కథ వేరు. మృగశిర కార్తె నాడు బత్తిని కుటుంబం ఆస్తమా రోగులకు ఇచ్చే చేప ప్రసాదం పాతబస్తీలోని దూద్‌బౌలిలోనే మొదలైంది. ఆ మందు రోగాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్ర నిరూపణ లేదు. కానీ అందుకు వాడే కొర్రమీను పిల్ల ఊపిరి విషయంలో గొప్ప జీవి. మొప్పలకు పైన, తలలో దానికి గాలి పీల్చే గది ఒకటి ఉంది. బురద నీటిలో ఆక్సిజన్ తగ్గినప్పుడు పైకి వచ్చి గాలి మింగుతుంది. ఒళ్లు తడిగా ఉంటే నీళ్ల బయట గంటల తరబడి బతుకుతుంది. ఆ గదిలో ఆక్సిజన్ నింపుకున్న రక్తం నేరుగా ఒంటికి పోదు. సిరల్లో కలిసి, మిగతా చెడు రక్తంతో పాటు మళ్లీ గుండెకే వస్తుంది. ఊపిరి తీసే చోటు మారింది గానీ గొట్టాల అమరిక పూర్తిగా మారలేదన్నమాట. నీటి నుంచి నేలకు వచ్చిన జంతువులన్నీ ఎదుర్కొన్న చిక్కు ఇదే.

కప్పకు రెండు కర్ణికలు, ఒక జఠరిక. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన మంచి రక్తం, ఒంటి నుంచి వచ్చిన చెడు రక్తం ఒకే గదిలో పడతాయి కాబట్టి అది అసంపూర్ణమైన గుండె అని రాయడం అలవాటైపోయింది. ఈ మాట వదిలేయాలి. జఠరిక లోపలి కండరపు మడతలు, ధమనీ మూలంలోని మెలిక కవాటం ఆ రెండు ధారలను చాలావరకు విడివిడిగానే నడుపుతాయి. పైగా కప్ప నీట మునిగినప్పుడు ఊపిరితిత్తులతో పని ఉండదు, చర్మమే ఊపిరి తీస్తుంది. జఠరిక ఒక్కటే ఉండడం వల్ల రక్తాన్ని అవసరమైన వైపు మళ్లించడం దానికి సులువు. మన గుండెకు ఆ వెసులుబాటు లేదు.

మొసలికి నాలుగు గదులూ ఉన్నాయి. గుండెలో ఎడమ కుడి పక్కలు పూర్తిగా వేరు. అయినా కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే ధమనితో పాటు ఎడమ మహాధమని కూడా పుడుతుంది. ఎడమ జఠరిక నుంచి కుడి మహాధమని వస్తుంది. ఈ రెండు మహాధమనులూ మొదట్లోనే ఒక చిన్న రంధ్రంతో కలుస్తాయి. దాన్ని పానిజ్జా రంధ్రం అంటారు. మొసలి గాలి పీలుస్తూ చురుగ్గా ఉన్నప్పుడు ఎడమ వైపు ఒత్తిడి ఎక్కువ కాబట్టి రెండు మహాధమనుల్లోనూ మంచి రక్తమే పారుతుంది. నీటి అడుగున ఊపిరి బిగపట్టినప్పుడు ఊపిరితిత్తుల ధమని మొదట్లోని పళ్లలాంటి కవాటాలు బిగుసుకుంటాయి. అప్పుడు కుడి జఠరిక తన రక్తాన్ని ఊపిరితిత్తులకు కాక ఎడమ మహాధమని ద్వారా ఒంటికే తోస్తుంది. తిన్నది అరిగించుకునేటప్పుడు కూడా ఇదే దారిన కార్బన్ డయాక్సైడ్ నిండిన రక్తం కడుపుకు చేరుతుందనీ, ఆమ్లం తయారీకి అది పనికొస్తుందనీ కొందరు శాస్త్రవేత్తల వాదన. మీరాలం ఒడ్డున ఎండలో గంటల తరబడి నోరు తెరుచుకుని కదలకుండా పడుకున్న ఆ జంతువు ఛాతీలో ఇంత నేర్పైన ఏర్పాటు ఉందని చూసేవాళ్లకు తట్టదు.

కొండచిలువ మరీ విచిత్రం. నెలల తరబడి తినకుండా ఉండి ఒక్కసారి పెద్ద జంతువును మింగితే, బర్మా కొండచిలువ జఠరిక రెండు రోజుల్లో దాదాపు 40 శాతం బరువెక్కుతుందని 2005లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. అరుగుదల అయిపోయాక అది మళ్లీ మామూలు పరిమాణానికి వస్తుంది.

మేక గుండెను కోసి చూస్తే

పక్షులూ పాలిచ్చే జంతువులూ నాలుగు గదుల గుండెతో రెండు చుట్లు నడుపుతాయి. కుడి పక్క ఊపిరితిత్తులకు, ఎడమ పక్క ఒంటికి. ఈ అమరికను కళ్లారా చూడాలంటే ప్రయోగశాలే కానక్కర్లేదు. పాతబస్తీలో దిల్-గుర్దా వండుకోవడానికి కొనే మేక గుండెకాయను ముక్కలు కొట్టించకుండా అలాగే అడిగి తెచ్చుకోవచ్చు.

అరచేతిలో పెట్టుకుని నొక్కితే ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా ఉంటుంది. మెత్తని పక్క కుడి జఠరిక. దాని గోడ పలుచన, ఖాళీగా ఉంటే ముడుచుకుపోతుంది. ఎడమ జఠరిక గోడ అంతకు మూడింతల మందం. రెండింటి నుంచి బయటికి పోయే రక్తం ఒకే మోతాదు, కానీ తోయాల్సిన ఒత్తిడి వేరు. మనిషిలో ఊపిరితిత్తుల ధమనిలో పై పీడనం 25 మిల్లీమీటర్ల పాదరసం ఉంటే, మహాధమనిలో 120. ఊపిరితిత్తుల్లో పీడనం తక్కువగా ఉండి తీరాలి. లేకపోతే గాలి గదుల్లోకి నీరు ఊరుతుంది. ఆ కుడి గోడ పలుచదనానికి కారణం ఊపిరితిత్తుల నాజూకుతనమే.

ఎడమ జఠరికను నిలువుగా కోస్తే, కర్ణికకూ దానికీ మధ్య రెండు రెక్కల తెల్లని కవాటం కనిపిస్తుంది. దాని అంచుల నుంచి దారాల్లాంటి తంతువులు దిగి, గోడ మీద మొలిచినట్టున్న కండలకు అతుక్కుని ఉంటాయి. జఠరిక ముడుచుకున్నప్పుడు రెక్కలు వెనక్కి తిరగబడకుండా ఆ దారాలు లాగి పట్టుకుంటాయి. స్టెతస్కోపులో వినిపించే లబ్-డబ్ కవాటాలు మూసుకునే చప్పుడు. మొదటిది కర్ణికా జఠరికల మధ్యవి మూసుకున్నప్పుడు, రెండోది ధమనుల మొదట్లోనివి మూసుకున్నప్పుడు.

పైన మిగిలిన నాళాల మూతులు గమనించండి. మహాధమని మూతి కోసినా గుండ్రంగా తెరుచుకునే ఉంటుంది. సిర మూతి తడిగుడ్డలా అతుక్కుపోతుంది. మహాధమని గోడ సాగే పదార్థంతో నిండి ఉంటుంది. గుండె కొట్టిన క్షణంలో ఉబ్బి, తర్వాత తనంతట తాను ముడుచుకుని రక్తాన్ని ముందుకు నెడుతుంది. గుండె ఆగి ఆగి కొట్టినా సన్నని నాళాల్లో ధార ఆగకపోవడం దీనివల్లే. చచ్చిన జంతువులో ధమనులు ఇలా ఖాళీగా, తెరుచుకుని ఉండడం చూసే ప్రాచీన గ్రీకు వైద్యుడు ఎరాసిస్ట్రాటస్ వాటిలో గాలి తిరుగుతుందని అనుకున్నాడు.

గుండె కొట్టడానికి మెదడు ఆజ్ఞ అక్కర్లేదు. కుడి కర్ణిక పైభాగంలో కొద్దిపాటి కణజాలం తనంతట తాను విద్యుత్ స్పందనలు పుట్టిస్తుంది. దీన్ని 1907లో కీత్, ఫ్లాక్ వర్ణించారు. ఆ స్పందన జఠరికలకు చేరేముందు పదో వంతు సెకను ఆగే చోటును అంతకు ఏడాది ముందే జపాన్ శాస్త్రవేత్త తవారా గుర్తించాడు. ఆ కొద్ది ఆలస్యంలో కర్ణికలు తమ రక్తాన్ని జఠరికల్లో నింపేస్తాయి. నాడులు చేసేది వేగాన్ని పెంచడం, తగ్గించడం మాత్రమే.

నాళాల సంగతి

మనిషి గుండె ఒక్క దెబ్బకు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 5 లీటర్లు తోస్తుంది. ఒంట్లో ఉన్న రక్తమూ దాదాపు అంతే. ఈ రక్తం ఎవరికి ఎంత అన్నది నిర్ణయించేది మాత్రం గుండె కాదు, చిన్న ధమనికలు. వాటి గోడలో కండరం ఉంది. నాళపు వ్యాసార్థం సగానికి తగ్గితే ధార పదహారో వంతుకు పడిపోతుంది. కాబట్టి కొద్దిగా బిగించినా, కొద్దిగా వదిలినా తేడా భారీగా ఉంటుంది. తిన్నాక పేగులకు, పరుగెత్తితే కాళ్లకు, ఎండలో చర్మానికి రక్తం మళ్లడం వీటి చలవే.

ధమనికల తర్వాత రక్తకేశనాళికలు. వీటి వెడల్పు 5 నుంచి 10 మైక్రాన్లు. ఎర్ర రక్తకణం ఒక్కటి ఒళ్లు వంచుకుని దూరేంత. ఒక్కొక్కటి సన్ననే అయినా అన్నీ కలిస్తే మహాధమని కన్నా వందల రెట్లు వెడల్పు. అందుకే అక్కడ రక్తం సెకనుకు ఒక మిల్లీమీటరు కన్నా నెమ్మదిగా నడుస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడానికి ఆ నిదానం కావాలి. గోడల గుండా ఊరి తిరిగి రాని ద్రవాన్ని లింఫు నాళాలు పోగుచేసి సిరల్లో కలుపుతాయి. మొత్తం రక్తంలో సగానికి పైగా ఏ క్షణంలోనైనా సిరల్లోనే ఉంటుంది. కాళ్ల కండరాలు నొక్కినప్పుడు, ఛాతీ ఊపిరి పీల్చినప్పుడు అది పైకి కదులుతుంది. సిరల్లోని కవాటాలు కిందికి జారనివ్వవు.

చిన్న జంతువుకు ఒంటి బరువుతో పోలిస్తే శక్తి ఖర్చు ఎక్కువ, కాబట్టి గుండె వేగమూ ఎక్కువ. ఏనుగు గుండె నిమిషానికి 30 సార్ల చొప్పున కొడుతుంది. పాత ఇళ్లలో గోడ వెంట పరుగెత్తే చుంచెలుక చుట్టాల్లో అతి చిన్నదానికి ఆ లెక్క వెయ్యి దాటుతుంది. గాలి సొరంగంలో ఎగిరించి కొలిచినప్పుడు పావురం గుండె 600 దాటింది. ఇన్ని తేడాలున్నా చాలా పాలిచ్చే జంతువుల్లో సగటు ధమనీ పీడనం 100 మిల్లీమీటర్ల పాదరసానికి అటూ ఇటూనే ఉంటుంది.

జిరాఫీ ఇందుకు మినహాయింపు. నిలువుగా ఒక మీటరు ఎత్తు రక్తం ఎక్కించాలంటే 77 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడి కావాలి. మెడ రెండు మీటర్లు అనుకుంటే ఒక్క ఎత్తుకే 150 దాకా పోతుంది. అందుకే దాని గుండె దగ్గర సగటు పీడనం 200 చుట్టూ, మనకు రెట్టింపు. ఎడమ జఠరిక గోడ మందం. ఆ బరువంతా కిందికి దిగే కాళ్లలో నీరు ఊరకుండా చర్మం బిగుతుగా పట్టి ఉంటుంది. నీళ్లు తాగడానికి కాళ్లు వెడల్పు చేసి తల దించినప్పుడు, మెడ సిరల్లోని కవాటాలు, మెదడు అడుగునున్న సన్నని ధమనుల వల ఆ ఒత్తిడి మార్పును సర్దుతాయి. అన్నీ కలిసి ఒక్క మెడను మోస్తున్నాయి.

నాడి నుంచి ప్రసరణ దాకా

యునానీ హకీములు నాడిలో పది లక్షణాలు చూస్తారు. ఎంత ఉబ్బింది, ఎంత బలంగా తగిలింది, ఎంత వేగం, రెండు దెబ్బల మధ్య విరామం ఎంత, ఇలా. ఈ పద్ధతి ఇబ్న్ సీనా రాసిన అల్-ఖానూన్ నుంచి వచ్చింది. మణికట్టు దగ్గర వేళ్లకు తగిలేది రక్తం పరుగు కాదు, ధమని గోడ వెంట సెకనుకు కొన్ని మీటర్ల వేగంతో సాగే పీడనపు అల. రక్తం దానికన్నా ఎంతో నెమ్మదిగా వెనక వస్తుంది. గోడ గట్టిపడితే అల వేగం పెరుగుతుంది. కాబట్టి నాడి నిజంగానే నాళాల గురించి చెబుతుంది.

ఇబ్న్ సీనా, అంతకు ముందు ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్, జఠరికల మధ్య గోడలో కంటికి కనిపించని రంధ్రాల గుండా రక్తం కుడి నుంచి ఎడమకు పోతుందని చెప్పారు. 13వ శతాబ్దంలో, కైరోలో, అదే ఖానూన్‌కు వ్యాఖ్యానం రాస్తూ ఇబ్న్ అల్-నఫీస్ దాన్ని కాదన్నాడు. ఆ గోడలో రంధ్రాలు లేవు, రక్తం ఊపిరితిత్తుల గుండా తిరిగి గాలితో కలిసి ఎడమ పక్కకు వస్తుందని రాశాడు. గురువుల గ్రంథాన్ని వివరిస్తూనే వాళ్లను దిద్దిన ఆ ధైర్యానికి దక్కాల్సిన పేరు చాలా ఆలస్యంగా దక్కింది. ఆయన రాతప్రతి 1924లో బెర్లిన్‌లో మళ్లీ వెలుగుచూసింది. ఈలోగా 1628లో విలియం హార్వే, గుండె అరగంటలో తోసే రక్తం లెక్కకట్టి, అంత రక్తం తిన్న తిండి నుంచి కొత్తగా పుట్టలేదు కాబట్టి అదే తిరుగుతూ ఉండాలని తేల్చాడు. ధమనులనూ సిరలనూ కలిపే కేశనాళికలను 1661లో కప్ప ఊపిరితిత్తుల్లో మాల్పీగీ చూశాడు. 1733లో స్టీఫెన్ హేల్స్ గుర్రం ధమనిలో గొట్టం పెట్టి రక్తం ఎనిమిది అడుగులకు పైగా ఎక్కడం చూపించాడు. ఆ కొలతే మెరుగుపడి, పీడనం కొలిచే మానోమీటర్‌గా హైదరాబాద్ చేరింది.

హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్

1847లో క్లోరోఫామ్ మత్తు వాడుకలోకి వచ్చింది. మరుసటి ఏడాది జనవరిలోనే ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు శస్త్రచికిత్సలో చనిపోయింది. ఇలాంటి చావులకు కారణం గుండె ఆగడమని లండన్ వైద్యులు, ఊపిరి ఆగడమని ఎడిన్‌బరో వైద్యులు వాదించారు. మత్తు ఇచ్చేవాడు నాడి పట్టుకోవాలా, ఊపిరి చూడాలా అన్నది దీని మీదే ఆధారపడింది.

హైదరాబాద్ వైద్య పాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో శస్త్రవైద్యుడు సైమ్ శిష్యుడు. ఊపిరి చూస్తే చాలన్నది ఆయన గట్టి నమ్మకం. 1888లో కుక్కల మీద ప్రయోగాలు చేయించాడు. లండన్ పత్రిక లాన్సెట్ ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చి, లాన్సెట్ తరఫున ఒక నిపుణుడిని పంపమంది. వచ్చినవాడు లాడర్ బ్రంటన్. గుండెకే ప్రమాదమని అంతవరకు నమ్మినవాడు. 1889 చివరి నెలల్లో కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువుల మీద పరీక్షలు జరిగాయి. వాటిలో 120కి మానోమీటర్‌తో రక్తపీడనం నమోదు చేశారు. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ పనిలో పాలుపంచుకున్నారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను గుర్తిస్తున్నారు.

మోతాదు పెంచుకుంటూ పోతే పీడనం క్రమంగా పడింది, ముందు ఊపిరి ఆగింది, తర్వాతే గుండె. దాన్నిబట్టి గుండెకు నేరుగా ప్రమాదం లేదని ఈ పరీక్షలు చేసిన కమిషన్ ప్రకటించింది. బ్రంటన్ కూడా మనసు మార్చుకున్నాడు. పీడనం పడడం మెదడులోని కేంద్రం నాళాలను సడలించడం వల్లేననీ, అది హాని కాదనీ చెప్పారు.

తేల్చిన తీరులోనే లోపం ఉంది. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ రెండు జంతువుల రక్త ప్రసరణలను కలిపి, క్లోరోఫామ్ మెదడుకు మాత్రమే, లేదా గుండెకు మాత్రమే చేరేలా ప్రయోగం చేశారు. మెదడుకు మాత్రమే వెళ్లినప్పుడు పీడనం పడలేదు. గుండెకు వెళ్లినప్పుడు పడింది. అంటే పడిన పీడనం సడలిన నాళాల గుర్తు కాదు, బలహీనపడిన గుండె గుర్తు. 1911లో గుడ్‌మన్ లెవీ అసలు సంగతి కనిపెట్టాడు. మత్తు తేలికగా ఉన్నప్పుడు, భయంతోనో నొప్పితోనో అడ్రినలిన్ పొంగితే, క్లోరోఫామ్ తగిలిన జఠరిక కండరాలు ఒక్కసారిగా కొట్టడం మాని వేటికవి వణుకుతాయి. రక్తం అక్కడికక్కడే ఆగిపోతుంది. హన్నా గ్రీనర్ లాంటి వాళ్లు శస్త్రచికిత్స మొదట్లోనే, భయపడుతున్నప్పుడే పోవడానికి ఇది సరిపోయే వివరణ. హైదరాబాద్‌లో జంతువులకు మోతాదు మించిన మత్తు ఇచ్చి ఏది ముందు ఆగుతుందో చూశారు. ఆ పరిస్థితిలో వాళ్లు చూసింది నిజమే. కానీ ఆ ఒక్క పరిస్థితే అన్నిటికీ వర్తిస్తుందని అనుకున్నారు. ప్రాణాలిచ్చిన ఆ మూగజీవాల నుంచి అంతకన్నా ఎక్కువ నేర్చుకోవాల్సింది.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 సెప్టెంబరు మూసీ వరదలో కొట్టుకుపోయింది. ఆ ఒడ్డునే ఉస్మానియా ఆసుపత్రి లేచింది. క్లోరోఫామ్ ఎప్పుడో వాడుక నుంచి పోయింది. ఇప్పుడు ఏ శస్త్రచికిత్స గదిలోనైనా గుండె విద్యుత్ రేఖ, రక్తపీడనం, ఊపిరి అన్నీ ఒకే తెర మీద నడుస్తాయి. వేలికి తగిలించే చిన్న క్లిప్పు ధమని కొట్టుకున్నప్పుడు మారే వెలుతురును బట్టి రక్తంలో ఆక్సిజన్ శాతాన్నీ నాడి వేగాన్నీ కలిపి చెబుతుంది. జంతువులకు మత్తు ఇచ్చేటప్పుడు పశువైద్యులు అదే క్లిప్పును నాలుకకో చెవికో పెడతారు.